హ్యాండ్‌బ్యాగులో ఆరు రౌండ్లు

నర్సీపట్నంలో నన్ను ఇప్పటికీ చాలామంది గన్‌మేన్ కరుణమ్మ అనే పిలుస్తారు. కూరగాయల బజారులో అయితే ఆ ‘మేన్’ కూడా పోయి గన్ను కరుణమ్మ మిగిలింది. రిటైరయ్యాక గన్ను ఎలాగూ లేదు. పేరు మాత్రం ఉంచేసుకున్నాను.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం మా చర్చికి వచ్చే ఆడపిల్లలు. పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో సెలెక్టయిన వాళ్లు ఆదివారం ప్రార్థన అయ్యాక నా చుట్టూ చేరతారు. జీతం గురించి, ప్రమోషన్ల గురించి అడగరు. “ఆంటీ, మీరు పిస్టల్ ఇస్తామన్నా వద్దని పాత రివాల్వర్ తీసుకున్నారట కదా, ఏల?” అని అడుగుతారు. మెట్ల మీద నిలబడి చెప్పేసరికి సగంలో ఎవరో ఒకరి ఆటో వచ్చేస్తుంది. అందుకని ఇక్కడ మొత్తం చెబుతాను.

కొండమ్మ గారు

ప్రాణహాని ఉందని ప్రభుత్వం అనుకున్న మనిషికి ఒక పోలీసును తోడు ఇస్తారు. మామూలు బట్టల్లో, పొద్దున్నుంచి ఆ మనిషి పడుకునే దాకా వెంట ఉండాలి. జనం భాషలో గన్‌మేన్. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఇదే చేశాను. అందులోనూ ఎక్కువ కాలం ఒక్కరికే చేశాను.

ఆవిడ పేరు కొండమ్మ గారు. ఏజెన్సీ కొండల మనిషి. మండలాధ్యక్షురాలిగా చేశారు. వాళ్ల కొండ మీద రాయి తవ్వుతామని వచ్చినవాళ్లకు అడ్డం నిలబడ్డారు. దాంతో బెదిరింపులు మొదలయ్యాయి. పైవాళ్లు ఆవిడను కొండ దింపి నర్సీపట్నంలో ఇల్లు చూపించి, ఒక ఆడ గన్‌మేన్ కావాలని అడిగారు. అప్పటికి జిల్లాలో ఆ పనికి ముందుకొచ్చిన ఆడవాళ్లు లేరు. మా ఆయనకు షుగర్ ఫ్యాక్టరీలో పని. నర్సీపట్నం అయితే ఇంటి దగ్గరే ఉంటాను కదా అని నేను ఒప్పుకున్నాను.

మొదటి రోజు ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, “నువ్వు నన్ను కాపాడతావేటి? ముందు ఇలా కూకో, అంబలి తాగు,” అన్నారు. తర్వాత షరతు పెట్టారు. “ఆ కాకీ బట్టలు వేసుకోకు. తుపాకీ పైకి కనబడనీకు. మా వోళ్లు నా కాడికి రావడానికి బయపడిపోతారు.”

అంటే చీరలోనో, పంజాబీ డ్రస్సులోనో ఉండాలి. తుపాకీ ఎక్కడ పెట్టాలి? నడుముకు కడితే కొంగు గాలికి లేస్తే కనబడుతుంది. చివరికి హ్యాండ్‌బ్యాగే దిక్కు. నా ఎంపికకు మొదటి కారణం అక్కడ పుట్టింది. అప్పటికి అది నాకే తెలియదు.

నీళ్ల డ్రమ్ము సంగతి

పిస్టల్‌కీ రివాల్వర్‌కీ తేడా తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పిస్టల్‌లో తూటాలు పిడి లోపలికి దూర్చే మేగజైన్‌లో ఉంటాయి. పైభాగాన్ని ఒకసారి వెనక్కి లాగి వదిలితే ఒక తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. దాన్ని మేం కాక్ చేయడం అంటాం. ఆ తర్వాత వరసగా కాల్చుకుంటూ పోవచ్చు. తూటాలు ఎక్కువ, ట్రిగ్గర్ తేలిక. రివాల్వర్‌లో గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో ఆరు గదులు, ఆరు తూటాలు, మా భాషలో రౌండ్లు. లాగేది, ఎక్కించేది ఏమీ లేదు. ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ తిరుగుతుంది, తూటాను కొట్టే హామర్ వెనక్కి లేస్తుంది, పేలుతుంది. కాకపోతే ఆ నొక్కడం బరువు. పంపు కొట్టినట్టు దూరం లాగాలి.

నాతో పాటు చేరిన రమణ మంచివాడు, పనిమంతుడు. కొత్తగా పిస్టల్ ఇచ్చారని స్టేషన్‌లో అందరికీ చూపించాడు. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగుతూ మేగజైన్ బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. పొద్దున కాక్ చేసిన సంగతి మరిచి, ఖాళీ అయిపోయిందనుకున్నాడు. గొట్టంలో ఎక్కి ఉన్న తూటా మేగజైన్‌తో రాదు కదా. గోడ వైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కి చూశాడు. అది వరండాలో ఉన్న నీళ్ల డ్రమ్ములోంచి దూరి గోడలో దిగింది. రెండు వైపులా కారుతున్న డ్రమ్ము దగ్గర రమణ రెండు బెజ్జాల్లో చెరో వేలు పెట్టుకుని నిలబడ్డాడు. స్టేషన్ రైటర్ గారు వచ్చి, “వేళ్లు తియ్యి నాయనా, నీళ్లు పోతే పోనీ, నువ్వున్నావు,” అని కుర్చీలో కూర్చోబెట్టారు.

ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఇవాళ నవ్వుకుంటున్నాం. ఆ డ్రమ్ము పక్కన అంతకు కాస్సేపటి ముందే ఒక పెద్దావిడ కూర్చుని అర్జీ రాయించుకుంది. నేను కళ్లారా చూశాను. పిస్టల్ తప్పు కాదది. రమణకు ఆ రోజు మనసు ఇంటి మీద ఉంది, పాపకు జ్వరం. కానీ మనకు కూడా మనసు ఇంటి మీద ఉండే రోజులు వస్తాయి. రివాల్వర్ అయితే సిలిండర్ పక్కకు తెరిస్తే ఆరు గదులూ ఎదురుగా కనబడతాయి. నిండా ఉందో ఖాళీగా ఉందో కళ్లకు తెలుస్తుంది, గుర్తు పెట్టుకోనక్కర్లేదు. నాకు అది చాలా నచ్చింది.

ఆర్.ఐ. గారితో వాదన

ఆయుధాలన్నీ జిల్లా కేంద్రంలో రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారి అజమాయిషీలో ఉండేవి. మా ఆర్.ఐ. గారిది యలమంచిలి. పెద్ద మీసాలు, పెద్ద గొంతు, కింది వాళ్ల మాట పూర్తిగా వినే అలవాటు ఉన్న మనిషి. నా సర్వీసులో ఆ మూడోది ఉన్న ఆఫీసర్లు అరుదు.

నేను రివాల్వర్ అడిగేసరికి ఆయన పిస్టలూ రివాల్వరూ రెండూ బల్ల మీద పెట్టి, ఫైరింగ్ రేంజ్‌లో రెండింటితోనూ కాల్చమన్నారు. నిజం చెప్పాలి. పిస్టల్‌తో నేను కొట్టినవన్నీ చపాతీ అంత చోట్లో పడ్డాయి. రివాల్వర్‌తో కొట్టినవి చేట అంత వెడల్పున చెదిరాయి.

“ఇంకా ఆలోచన ఏటమ్మా? పిస్టల్ పట్టుకెళ్లు,” అన్నారు ఆర్.ఐ. గారు.

“సార్, నేను మనిషి పక్కన నడిచేదాన్ని. ఇక్కడ కాళ్లు ఎడంగా పెట్టి రెండు చేతులతో పట్టుకుని కాల్చాను. అక్కడ నా ఎడమ చెయ్యి ఖాళీగా ఉండదు. ఆవిడ్ని పట్టుకుని ఉంటుంది,” అన్నాను.

“సరే, చూద్దాం. నేనే మీ కొండమ్మ గారిని అనుకో,” అని ఆయనే వచ్చి నా పక్కన నిలబడ్డారు. తుపాకీ ఖాళీ చేసి ఇద్దరం చూసుకున్నాం. ఎవరో ఎదురుగా వస్తున్నట్టు అనుకుని నేను ఎడమ చేత్తో ఆయన చొక్కా చెయ్యి పట్టి వెనక్కి లాగాను, కుడి చేత్తో బ్యాగులోంచి పిస్టల్ తీశాను. గొట్టం ఖాళీగా ఉంచి మోయాలన్నది మా నియమం. ఇప్పుడు కాక్ చేయాలి. అందుకు రెండో చెయ్యి కావాలి. చొక్కా వదిలాను. వదలగానే ఆయన కావాలనే గాభరాపడినట్టు నటిస్తూ, నా తుపాకీకి అడ్డంగా పరుగెత్తారు. మీసాల కొండమ్మ గారు అలా పరుగెత్తుతుంటే రేంజ్‌లో ఉన్నవాళ్లంతా మొహాలు తిప్పుకున్నారు.

“పోయాను కదా,” అన్నారు ఆయన వగరుస్తూ. “మరి గొట్టంలో ఎక్కించి, సేఫ్టీ వేసుకుని మొయ్యి. ప్రత్యేకంగా నీకు అనుమతి రాస్తాను.”

“రమణ డ్రమ్ము సంగతి తమకు తెలుసు కదా సార్.”

ఆయన మీసం దువ్వుకున్నారు. “రివాల్వర్ అయితే ఆరే. ఏడోది కావాలిసొస్తే ఏటి సేస్తావు?”

“ఏడోది కావలసినంత సేపు నేను అక్కడ నిలబడ్డానంటే నా పని సరిగ్గా చేయనట్టే సార్. ఆవిడ్ని పట్టుకుని జీపెక్కడం నా పని.”

ఆయన ఒప్పుకోలేదు. కానీ రివాల్వర్ ఇచ్చారు. “చేట అంత ఉన్నది చపాతీ అయ్యేదాకా వారం వారం వచ్చి కాల్చాలి,” అని షరతు పెట్టారు. ఒప్పుకోని మాటకు కూడా దారి ఇచ్చే ఆఫీసర్ దొరికితే ఆయన దగ్గర వీలైనంత నేర్చుకోండి.

మోయడమే అసలు పని

సినిమాల్లో తుపాకీ కాల్చడం చూపిస్తారు. మా ఉద్యోగం తుపాకీ మోయడం. పెళ్లికి, చావుకి, ఉపమాక తీర్థానికి, శివరాత్రికి బలిఘట్టం జనంలోకి, యలమంచిలిలో రైలెక్కడానికి, అన్నిటికీ మోయాలి. ఎండలో చెమట, ఏజెన్సీలో వాన, మంచు. బ్యాగులో దూది పోగులు, పౌడరు. పిస్టల్ శుభ్రం విషయంలో గారాబం కోరుతుంది. రివాల్వర్ కొంచెం ఓర్చుకుంటుంది. కొంచెమే సుమా. నేను రోజూ తుడిచేదాన్ని.

సంగీత్ టాకీస్ వెనక ఉండే ఒక టైలర్ చేత బ్యాగులో దళసరి కాన్వాసుతో విడిగా అర కుట్టించాను. ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోవాలి. ఆ అరలో దువ్వెన, తాళాలు, బైబిలు, బిస్కెట్ ఏదీ పెట్టకూడదు. పెట్టిన రోజున తుపాకీ బదులు దువ్వెన చేతికొస్తుంది, లేదా అంతకంటే చెడ్డది జరుగుతుంది. బ్యాగు భుజం దిగకూడదు. కుర్చీకి తగిలించి అన్నానికి కూర్చున్నారంటే ఆ రోజు మీరు ఉద్యోగం చేయనట్టే.

లోపాలు కూడా చెబుతాను. రివాల్వర్ సిలిండర్ దగ్గర ఉబ్బుగా ఉంటుంది, బ్యాగు గర్భిణిలా కనబడుతుంది. మళ్లీ నింపడం ఆలస్యం. ఆ బరువు ట్రిగ్గర్‌కు వేలు అలవాటు పడకపోతే గురి కుదరదు. ఇంట్లో తూటాలన్నీ తీసి వేరే గదిలో పెట్టి, గొట్టం మీద ఖాళీ అగ్గిపెట్టె నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ లాగడం సాధన చేసేదాన్ని. మా ఆయన కాఫీ తాగుతూ, “పడింది,” “పడలేదు,” అని చెబుతూ ఉండేవారు. అడవిలో కూంబింగ్‌కు వెళ్లేవాళ్లకు, రెయిడ్లకు వెళ్లేవాళ్లకు రివాల్వర్ తీసుకోమని నేను చెప్పను. వాళ్ల పని వేరు.

కొండ దారిలో

ఇక అందరూ అడిగే సంగతి.

రాయి తవ్వకాల గొడవ బాగా ముదిరిన రోజుల్లో కొండమ్మ గారికి ఒక కబురు వచ్చింది, మళ్లీ కొండెక్కితే నరుకుతామని. ఆవిడ మర్నాడే కొండెక్కారు. “రావొద్దన్నారని తెలిసాక కూడా ఎల్లకపోతే మా వోళ్లు నా మొకం సూత్తారేటి?” అన్నారు. ఊళ్లో మీటింగు అయ్యింది. మధ్యాహ్నం ఎండలో జీపు దగ్గరికి నడుస్తున్నాం. ఆవిడ నా ఎడమ పక్కన ఉన్నారు. డ్రైవర్ ముందే వెళ్లి జీపులో కూర్చున్నాడు.

జీపు ఇంకా కొంత దూరం ఉండగా కుడివైపు చెట్లలోంచి ఒక మనిషి బయటికి దూకాడు. ఒంటి మీద చొక్కా లేదు. చేతిలో తుప్పలు కొట్టే కత్తి, తల మీదికి ఎత్తి ఉంది. ఏదో అరుస్తూ సూటిగా మా మీదికి పరుగెత్తుకొస్తున్నాడు.

కబురు నా చెవిలో ఉంది. ఎడమ చేత్తో కొండమ్మ గారిని నా వీపు వెనక్కి తోశాను, జబ్బ వదల్లేదు. కుడి చెయ్యి బ్యాగులోకి వెళ్లి వచ్చింది. అతని రొమ్ము మీద గురి నిలిచింది. “ఆగు, కత్తి పారెయ్,” అని అరిచాను. ఆగలేదు. వేలు బిగించాను. హామర్ లేస్తోంది. సిలిండర్ కదలడం కంటి చివర కనిపించింది.

ఆ బరువు ట్రిగ్గర్ చివరిదాకా రావడానికి పట్టే సమయం చెప్పుకోడానికి ఏమీ లేదు. కానీ ఉంది. ఆ మాత్రంలో నేను అతని కళ్లు చూశాను. చంపడానికి వచ్చేవాడు చంపవలసిన మనిషి వైపు చూస్తాడు. ఇతను మా ఇద్దరి వైపూ చూడటం లేదు. మెడ తిప్పి వెనక్కి చూస్తున్నాడు. కత్తి కూడా మా మీదికి రావడం లేదు, అతని తల చుట్టూ గాలిలో తిరుగుతోంది.

వేలు వదులు చేశాను. హామర్ మెల్లగా దాని చోటికి వెళ్లిపోయింది.

అప్పుడు వినిపించింది, చెట్లలోంచి వస్తున్న మోత. నా వెనక నుంచి కొండమ్మ గారు, “ఓలమ్మ, పెద్ద తేనీగలే. బేగి జీపెక్కు,” అని అరిచారు.

తుపాకీ బ్యాగులో పెట్టి అర మూసేలోగా మొదటివి నా మొహం మీద వాలాయి. తర్వాత నాకు కళ్లు సరిగ్గా కనబడలేదు. ఆవిడ తన చీర కొంగు నా తల మీద కప్పి, నా జడ పట్టుకుని జీపు దాకా లాక్కెళ్లారు. ఆవిడకు కాపలా నేను. ఆ దారి పొడుగునా నాకు కాపలా ఆవిడ.

జీపు తలుపు వేయబోతే ఆ మనిషి కూడా వచ్చి దూరబోయాడు. కత్తి ఇంకా చేతిలోనే ఉంది.

“ముందు కత్తి బయట పారెయ్,” అన్నాను.

“కుట్టేత్తన్నాయమ్మా,” అన్నాడు ఏడుపు గొంతుతో.

“పారేత్తేనే ఎక్కుతావు.”

పారేశాడు. ఎక్కాడు. అద్దాలు పైకెత్తాం. అతనితో పాటు లోపలికొచ్చిన ఈగలను కొండమ్మ గారు చెప్పుతో చంపుతూ, “ఎవుల కొడుకువిరా? ఏటి సేసినావు?” అని అడిగారు. పేరు గంగులు. పక్క ఊరు. తేనె పట్టుకు పొగ పెడుతుంటే గాలి తిరిగింది. మనుషులు కనబడితే సాయం చేస్తారని మా వైపు పరుగెత్తాడు. నా చేతిలో తుపాకీ చూశావా అని అడిగితే, “నేదమ్మా, ఏటి తుపాకీ?” అన్నాడు.

అప్పుడు నేను బ్యాగు అర మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. కొండమ్మ గారు నా చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుని, కిందికి దిగేదాకా అలాగే పట్టుకున్నారు.

ఆసుపత్రిలో

నర్సీపట్నం ఆసుపత్రిలో ముగ్గురం పక్కపక్క మంచాల మీద ఉన్నాం. నా మొహం ఎంత వాచిందంటే మా ఆయన ముందు గంగులు మంచం దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. మర్నాడు ఆర్.ఐ. గారు వచ్చారు. స్టూల్ లాక్కుని కూర్చుని మొత్తం చెప్పమన్నారు. చెప్పాను. ట్రిగ్గర్ ఎంత దూరం లాగాను అని అడిగారు. సగం పైనే అన్నాను.

“పిస్టల్ అయితే ఏమయ్యేదంటావు?” అన్నారు ఆయన.

“నియమం ప్రకారం ఖాళీ గొట్టంతో ఉంటే, మేడమ్ గారిని వదిలి కాక్ చేయాలి సార్. ఎక్కించి ఉంటే, ఆ తేలిక ట్రిగ్గర్‌కు నా వేలు ఎక్కడ ఆగేదో నాకు తెలీదు. తెలీదు కాబట్టే తీసుకోలేదు.”

ఆయన పక్క మంచం వైపు చూశారు. గంగులు వాచిన పెదాలతో బన్ను తినడానికి తంటాలు పడుతున్నాడు. కొండమ్మ గారు దాన్ని పాలలో ముంచి ముక్కలు చేసి ఇస్తున్నారు.

“అయినా సరే,” అన్నారు ఆర్.ఐ. గారు లేస్తూ, “ఆ ఈగలకి ఆరు సాలవు కదమ్మా.”

కొండమ్మ గారికి నవ్వొచ్చింది. నవ్వితే మొహం నొప్పి. నవ్వలేక ఆవిడా, ఆవిడను చూసి నేనూ పడ్డ బాధ చూసి నర్సు వచ్చి ఆర్.ఐ. గారిని బయటికి పంపేసింది. ఆయన రిటైరయ్యే దాకా పిస్టలే మేలు అన్నారు, నేను రివాల్వర్ అన్నాను. ఒకరినొకరం మార్చలేదు. కానీ ఆ తర్వాత కొత్త బ్యాచ్‌లకు రేంజ్‌లో ఒక పాఠం చేర్చారు, ఎడమ చెయ్యి ఒక మనిషిని పట్టుకుని ఉండగా ఏం చేస్తారో చూపించమని. ఆ మనిషి వేషం మాత్రం ఎప్పుడూ ఆయనే వేసేవారట.

గంగులు ఆ కొండ మీద తవ్వకాలకు ఎదురు నిలబడ్డవాళ్లలో గట్టివాడయ్యాడు. తవ్వకం ఆగింది. ఏటా మా ఇంటికి తేనె తెస్తాడు. మా ఆయనకు చక్కెర జబ్బు కాబట్టి మొత్తం నేనే తింటాను.

మొన్న

ఉద్యోగమంతా ఆ రివాల్వర్ మోశాను. మనిషి మీద ఒక్కసారి కూడా పేల్చలేదు. అప్పగించి వచ్చిన రోజున నాకు అందులో చాలా తృప్తి కలిగింది.

కొండమ్మ గారికి ఇంకా కాపలా ఉంది. మొన్న వాళ్లింటికి వెళ్లాను. గేటు దగ్గర కొత్త అమ్మాయి, పంజాబీ డ్రస్సులో ఉంది. ఇరవై అయిదు ఉంటాయేమో. నేనెవరో తెలియదు. దారికి అడ్డం నిలబడి, “ఎవరు కావాలండి?” అంది. బ్యాగు భుజం మీదే ఉంది. కుడి చెయ్యి ఖాళీగా ఉంది. నా మొహం కంటే ముందు నా చేతులు చూసింది. బ్యాగు ఉబ్బు లేకుండా ఉండటం చూస్తే అందులో ఉన్నది పిస్టల్ అని తెలిసిపోయింది.

లోపల నుంచి కొండమ్మ గారు, “రానీయమ్మా, మా కరుణే,” అని కేకేశారు.

ఆ అమ్మాయి కదల్లేదు. “చూసి పంపిస్తానండి,” అని లోపలికి చెప్పి, నా వైపు తిరిగి, “ఏమీ అనుకోకండమ్మా, ఆ చేతిసంచి కింద పెట్టి, కొంచెం ఇటు జరగండి,” అంది.

సంచి కింద పెట్టాను. జరిగి, రెండు చేతులూ దూరంగా పెట్టి ఎండలో నిలబడ్డాను. ఎంత సేపు కావాలంటే అంత సేపు చూడమన్నాను.